1795 నాటి ఐదు డాలర్ల నాణెం కొనాలా, గాజులు చేయించుకోవాలా?

ప్రశ్న: నమస్కారమండీ. మేం నార్త్ కరోలినాలో, షార్లెట్ దగ్గర ఉంటాం. పోయిన వేసవిలో పిల్లల్ని రీడ్ గోల్డ్ మైన్ చూపించడానికి తీసుకెళ్లాం. అప్పటినుంచి నాకు పాత అమెరికా బంగారు నాణేల పిచ్చి పట్టుకుంది. పిల్లలు పడుకున్నాక వేలంపాటల ఫొటోలు చూస్తూ కూర్చుంటున్నాను. బోనస్‌లోంచి 12 వేల డాలర్లు దీనికోసం పక్కన పెట్టాను. మావారి స్నేహితుడొకాయన తన దగ్గరున్న 1795 నాటి ఐదు డాలర్ల బంగారు నాణెం 9 వేలకు ఇస్తానంటున్నారు. వాళ్ల అత్తగారింట్లో తరాలుగా ఉందట. ఒకప్పుడు గొలుసుకు వేసుకోవడానికి అతికించిన కొక్కెం తీసేసిన మచ్చ పై అంచు దగ్గర కనిపిస్తోంది. సర్టిఫికెట్ లేదు. ఇక్కడి ఇండియన్ నగల షాపులో చూపిస్తే 22 క్యారెట్ల బంగారమేనన్నారు. తెనాలిలో మా మామగారు "బంగారం ఎక్కడున్నా బంగారమే, తీసుకో అమ్మా" అంటున్నారు. మావారేమో ఆ డబ్బుతో గాజులు చేయించుకోమంటున్నారు. కొనమంటారా? కొంటే రేపు ఇండియాకు వచ్చేసేటప్పుడు వెంట తెచ్చుకోవచ్చా?

సమాధానం:

అమ్మా, ముందు ఆ 1795 నాణెం సంగతి తేల్చేద్దాం. ఇప్పుడున్న పరిస్థితిలో దానికి 9 వేలు ఇవ్వకండి. నాణేలు పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలైన పీసీజీఎస్ వాళ్లో ఎన్‌జీసీ వాళ్లో దాన్ని పరీక్షించి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేసి తిప్పి పంపాకే ధర మాట ఎత్తండి.

నగల షాపాయన మీకు అబద్ధం చెప్పలేదు. ఇది బంగారమా అని అడిగారు, బంగారమే అన్నాడు. ఇది 1795లో ఫిలడెల్ఫియా టంకశాలలో కొట్టిందేనా అన్నది ఆయనకు తెలిసిన విద్య కాదు. ఈ రకం నాణేలకు నకిలీలు చేసేవాళ్లు ఇత్తడికి పూత పూసి ఊరుకోరు. సరైన బంగారంతో, సరైన బరువుతోనే చేస్తారు. ఎనిమిది తొమ్మిది గ్రాముల బంగారం పెడితే వేలకు వేల డాలర్లు వస్తాయంటే, బంగారం దగ్గర పిసినారితనం ఎందుకు చూపిస్తారు? అందుకే క్యారెట్ల పరీక్ష నెగ్గినంత మాత్రాన మీ ప్రశ్నకు జవాబు వచ్చినట్టు కాదు. ఆ షాపులో మెషిన్‌లో పెట్టి చూశారో, గీటురాయి మీద గీశారో ఒకసారి కనుక్కోండి. గీటురాయే అయితే అంచు మీద కొత్త గీత పడి ఉంటుంది. నాణెం అసలుదే అయినా ఆ ఒక్క గీతతో కొంత విలువ పోయినట్టే.

ఇంట్లోనే మీరు చూసుకోగలిగినవి కొన్నున్నాయి. ఆ ఐదు డాలర్ల నాణేన్ని హాఫ్ ఈగిల్ అంటారు. ఈగిల్ అంటే పది, క్వార్టర్ ఈగిల్ అంటే రెండున్నర. చట్ట ప్రకారం హాఫ్ ఈగిల్ బరువు 8.75 గ్రాములు, వెడల్పు సుమారు 25 మిల్లీమీటర్లు. అరిగితే బరువు కాస్త తగ్గుతుంది గానీ పెరగదు. ముందువైపు టోపీ పెట్టుకున్న లిబర్టీ స్త్రీ ముఖం, చుట్టూ నక్షత్రాలు. 1795 నాణెం మీద 15 ఉండాలి, అప్పటికి రాష్ట్రాలు పదిహేనే కాబట్టి. వెనకవైపు సాధారణంగా ఒక చిన్న గద్ద తాటాకు కొమ్మ మీద నిలబడి ముక్కుతో పూలదండలాంటిది పట్టుకుని ఉంటుంది. 1795 తేదీతోనే, రొమ్ము మీద డాలు ఉన్న పెద్ద గద్దతో మరో రకం కూడా ఉంది. పాత అచ్చును తర్వాత వాడుకోవడం వల్ల వచ్చిందది, ఇంకా అరుదు. అన్నిటికన్నా తేలిక పరీక్ష ఒకటుంది. విలువ ఎక్కడైనా రాసుందేమో చూడండి. 1807కు ముందు కొట్టిన హాఫ్ ఈగిల్స్ మీద అది ఐదు డాలర్లని ఎక్కడా ఉండదు. బంగారం బరువే దాని విలువ, చదివి తెలుసుకోవాల్సిన పనేముందని వాళ్ల లెక్క. మీకు చూపించిన నాణెం మీద '5 డి' అని ఉంటే ఇక పరీక్షకు పంపే ఖర్చు కూడా దండగ.

వీటిలో ఏ ఒక్కటి తప్పినా కథ ముగిసినట్టే. అన్నీ సరిపోయాయంటే మాత్రం నకిలీ చేసినవాడికి పని వచ్చని తెలుస్తుంది, అంతకుమించి ఏమీ తేలదు.

ఇక ఆ కొక్కెం మచ్చ. మన కాసులపేరులో కొక్కెం లేకపోతే కాసును గుచ్చేదెలా? ఇక్కడ నాణేలు సేకరించేవాళ్లకు కొక్కెం అంటేనే కంపరం. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికావాళ్లు కూడా బంగారు నాణేలకు టంకం పెట్టించి గొలుసులకు, గడియారాలకు తగిలించుకునేవాళ్లు. తర్వాత ఎవరో కొక్కెం తీయించి, మచ్చ కనపడకుండా సానబట్టిస్తారు. మామూలుగా నాణెం స్థితికి 1 నుంచి 70 దాకా అంకె ఇస్తారు. టంకం పడ్డ నాణేనికి ఆ అంకె ఇవ్వరు, 'డీటెయిల్స్' అని రాసి లోపమేంటో పక్కన చెబుతారు. ఆ ముద్ర పడ్డాక ధర సగానికి పడిపోవడం కూడా వింత కాదు. అయినా సరే, ఇది 1795. అసలుదైతే మచ్చ ఉన్నా 9 వేలకు ఇచ్చేయడం అనుమానించాల్సిన బేరమే. నకిలీదైతే ఎనిమిది గ్రాముల చిల్లర బంగారానికి 9 వేలు పోసినట్టు.

రీడ్ గనిలో గైడ్ మీకు ఆ పిల్లాడి కథ చెప్పే ఉంటాడు. 1799లో పన్నెండేళ్ల కాన్రాడ్ రీడ్‌కు వాగులో 17 పౌండ్ల పచ్చటి రాయి దొరికితే ఇంట్లోవాళ్లు మూడేళ్లపాటు తలుపు కదలకుండా దాన్ని అడ్డం పెట్టుకున్నారు. 1802లో తండ్రి దాన్ని ఒక నగల వ్యాపారికి మూడున్నర డాలర్లకు అమ్మాడు. దాని విలువ వేలల్లో ఉంది. ఆ బేరంలో ఒకరికి విలువ తెలుసు, ఇంకొకరికి తెలియదు. మీ బేరంలో ఇద్దరికీ తెలియదు. ఆ స్నేహితుడు మోసగాడని నేననడం లేదు. వాళ్ల అత్తగారు ఏం చెబితే అదే ఆయనా నమ్ముతున్నాడేమో.

కాబట్టి ఆయనతో ఇలా అనండి: "నాణెం మీ పేరు మీదే పరీక్షకు పంపిద్దాం, ఖర్చు నేను పెట్టుకుంటాను. అసలుదని తేలితే ఆ స్థితిలో ఉన్నవి ఈ మధ్య వేలంలో ఎంతకు పోయాయో ఇద్దరం కలిసి చూద్దాం, ధర అప్పుడు మాట్లాడుకుందాం." స్నేహం చెడుతుందేమోనని టెన్షన్ పడకండి. కొన్నాక నకిలీ అని తేలితే చెడే స్నేహంతో పోలిస్తే ఇదెంత? ఆయన దీనికి ఒప్పుకోకపోతే మీకు జవాబు దొరికినట్టే.

ఇప్పుడు మీ మామగారి మాట. అమెరికా టంకశాల చట్టం 1792 ఏప్రిల్ 2న వచ్చింది. బంగారు నాణెంలో 12 పాళ్లకు 11 పాళ్లు బంగారం ఉండాలన్నారు. లెక్కేస్తే వెయ్యికి 916 పైచిలుకు. మన నగల మీద కొట్టే 916 హాల్‌మార్క్ వన్నె అదే! అంటే హాఫ్ ఈగిల్‌లో మేలిమి బంగారం సుమారు 8 గ్రాములు. మన భాషలో ఒక కాసు. మామగారికి ఫోన్‌లో ఈ సంగతి చెప్పండి, సంతోషిస్తారు. ఆ వెంటనే రెండో సంగతి కూడా చెప్పండి. ఈ నాణెం కొన్నప్పుడు మీరిచ్చే ధరలో ఆ కాసు బంగారం ఖరీదు చిన్న భాగం. మిగతాదంతా ఆ నాణెం కరగకుండా మిగిలినందుకు ఇస్తున్నది. రేపు బంగారం ధర పదో వంతు పెరిగితే మీ నాణెం ధర కూడా అలాగే పెరుగుతుందని అనుకోకూడదు. బంగారం కోసమే అయితే బిస్కెట్ కొనుక్కోవడం నయం.

కరగకుండా మిగలడమేంటంటారా? ఈ నాణేల కథంతా అక్కడే ఉంది. 1792 చట్టం ఒక పాలు బంగారానికి 15 పాళ్ల వెండి అని లెక్క కట్టింది. యూరప్‌లో బంగారానికి అంతకన్నా ఎక్కువ పలికేది. ఫ్రాన్స్ 1803లో పదిహేనున్నర పాళ్లని పెట్టింది. ఇంకేం, అమెరికాలో వెండి ఇచ్చి బంగారు నాణేలు పోగేసి, ఓడలో యూరప్ పంపి, కరిగించి లాభం చేసుకున్నారు. టంకశాల కొడుతూనే ఉంది, నాణేలు మూటలకు మూటలు దేశం దాటిపోతూనే ఉన్నాయి. పది డాలర్ల ఈగిల్‌ను 1804 తర్వాత కొట్టడమే మానేశారు. చివరికి 1834లో చట్టం మార్చి నాణెంలో బంగారం తగ్గించారు. ఆ ఏడాది ఆగస్టు నుంచి హాఫ్ ఈగిల్ బరువు 8.36 గ్రాములే, వన్నె కూడా 900కు కాస్త తక్కువ. దాంతో పాత ఐదు డాలర్ల నాణెంలో ఉన్న బంగారం కొత్త లెక్క ప్రకారం 5 డాలర్ల 33 సెంట్లు చేసేది. పాతది చేతికి వస్తే ఐదు డాలర్లకు కూరగాయలు కొనే అమాయకులెవరు? అప్పటికి మిగిలినవి కూడా చాలావరకు మూసలోకి వెళ్లిపోయాయి.

దీని ఫలితం చూడండి. 1815లో 635 హాఫ్ ఈగిల్స్ మాత్రమే కొట్టారు. ఇప్పుడు ఓ డజను దాకా కనిపిస్తాయి. 1822లో టంకశాల లెక్కల్లో 17,796 ఉన్నాయి. మిగిలింది మూడు. రెండు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ దగ్గరున్నాయి, అవి ఎప్పటికీ అమ్మకానికి రావు. మూడోది 2021 మార్చిలో వేలానికి వస్తే 84 లక్షల డాలర్లు పలికింది. ఏ ఏడాది ఎన్ని కొట్టారన్న పట్టిక ముందేసుకుని "తక్కువ కొట్టినదే అరుదు" అనుకునే కొత్తవాళ్లు చాలామంది ఉంటారు. ఈ నాణేల విషయంలో ఆ పట్టిక సగం కథే. ఎన్ని మిగిలాయన్నది చూడండి. రాత్రిళ్లు ఫొటోలు చూసే అలవాటు ఎలాగూ ఉంది కాబట్టి, ఒక్కో ఏడాది నాణెం గత పదేళ్లలో ఎన్నిసార్లు వేలానికి వచ్చిందో, ఏ స్థితిలో ఎంత పలికిందో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. రెండు నెలలు ఆ పని చేస్తే నాలాంటివాళ్ల సలహా అవసరం మీకు సగం తగ్గిపోతుంది.

మీకు పట్టిన పిచ్చి నాకు ముప్పై ఏళ్ల కిందట పట్టింది కాబట్టి మీవారు, మామగారు పక్కనుంటే చెప్పని ముచ్చట ఒకటి చెబుతాను. ఈ టంకశాల చాలా పేద టంకశాల. ఫిలడెల్ఫియాలో ఏడో వీధిలో ఉండేది. వెండి, బంగారం ముట్టుకునే అధికారులు మొదట ఒక్కొక్కరు 10 వేల డాలర్ల పూచీకత్తు కట్టాలన్నారు. అంత డబ్బు వాళ్ల దగ్గరెక్కడిది? 1794లో ఆ మొత్తం తగ్గించాక గానీ విలువైన లోహం జోలికి పోలేకపోయారు. మొదటి హాఫ్ ఈగిల్స్ 744 నాణేలు టంకశాల నుంచి బయటికొచ్చింది 1795 జులై 31న. ఆ తర్వాత కూడా కొన్ని ఏళ్లు పచ్చజ్వరం ఊరి మీద పడ్డప్పుడల్లా టంకశాల మూతపడేది. ఉక్కు అచ్చులు ఎంత అపురూపమంటే, ఏడాది మారినా పాత అచ్చు పారేయకుండా చివరి అంకె మీదే కొత్త అంకె కొట్టేవాళ్లు. 1802 అని ఉన్న ప్రతి హాఫ్ ఈగిల్‌లోనూ భూతద్దం పెట్టి చూస్తే 2 కింద 1 కనిపిస్తుంది. 1803లో 3 కింద 2. 1809లో 9 కింద 8. సంవత్సరం మారాక జనవరిలో చెక్కు మీద తేదీ దిద్దుకుంటాం చూడండి, అలా.

ఇంకొకటి, గీతలు. నాణెం కొట్టకముందు ఆ బిళ్లను ఒక్కొక్కటీ తూచేవాళ్లు. బరువెక్కువైతే ఆకురాయితో రాసి తగ్గించేవాళ్లు. ఆ ఆకురాయి గీతలు ముద్ర పడ్డాక కూడా కొన్నిచోట్ల మిగిలిపోతాయి, ముఖ్యంగా అంచు పళ్ల దగ్గర, ముద్ర గట్టిగా పడని ఎత్తైన చోట్ల. కొత్తవాళ్లు అవి చూసి ఎవరో గీకేశారని భయపడతారు. పదిరెట్ల భూతద్దం పెట్టి చూడండి. ముద్రకు ముందు పడ్డ గీత అంచులు అచ్చు దెబ్బకు నలిగి మెత్తబడి ఉంటాయి. తర్వాత పడ్డ గీత పదునుగా ఉంటుంది, పక్కన లోహం లేచి ఉంటుంది, అక్షరాల మీది నుంచి కూడా దర్జాగా వెళ్లిపోతుంది. మొదటి రకం గీత టంకశాలవాడి చేతి పని. మరీ వికారంగా లేకపోతే నాకది ఇష్టం కూడా. రెండోది దెబ్బ.

ఈ తేడా నాకు ఊరికే రాలేదు. నా మొదటి హాఫ్ ఈగిల్ 1807ది, ఒక కాయిన్ షోలో బల్ల మీద పెట్టి అమ్ముతుంటే కొన్నాను. దీపావళికి చింతపండుతో తోమిన ఇత్తడి కుందిలా మెరిసిపోతోంది. రెండు వందల ఏళ్ల నాటి నాణెం ఇంత మెరుస్తోందంటే ఎంత బాగా దాచారో అనుకున్నాను గానీ, ఎవరు తోమారో అనుకోలేదు. పరీక్షకు పంపితే 'డీటెయిల్స్, శుభ్రం చేయబడింది' అని వచ్చింది. పెట్టిన డబ్బులో మూడో వంతు ఆ ఒక్క మాటతో పోయింది. అమ్మినాయన నాణెం అసలుదనే చెప్పాడు, అసలుదే. నేనే అడగాల్సింది అడగలేదు.

ఇప్పుడైతే ఇలా చూస్తాను. గదిలో లైట్లన్నీ ఆర్పి ఒక్క బల్ల దీపం కింద నాణేన్ని అంచుల దగ్గర పట్టుకుని నెమ్మదిగా వాలుస్తాను. తోమని నాణెం మీద అక్షరాల సందుల్లో, నక్షత్రాల చుట్టూ మిగిలిన మెరుపు బండి చక్రం ఆకుల్లా తిరుగుతుంది. తోమిన నాణెం మీద వెలుగు మొత్తం ఒక్కసారే కొడుతుంది, కదలదు. భూతద్దం పెడితే స్టీలు పీచుతో తోమిన గిన్నె మీద ఉన్నట్టు సన్నటి గీతలు ఒకే దిక్కుకు కనిపిస్తాయి. అందుకే చెబుతున్నాను, మీ చేతికి ఏ నాణెం వచ్చినా కుంకుడుకాయ రసంలో వేయొద్దు. మనకు పండగ ముందు గాజులు, గొలుసులు కుంకుడురసంలో నానేసి బ్రష్‌తో రుద్దడం చిన్నప్పటి అలవాటు. ఇక్కడ దాని ఖరీదు వేల డాలర్లు.

మరి 12 వేలతో ఏం కొనాలి? ఒక్కటే కొనండి. మూడు నాలుగు నాసిరకంవి పోగేయొద్దు. 1795ను పూర్తిగా మర్చిపోండి, మచ్చ లేనిదైతే మీ బడ్జెట్‌కు చాలా దూరం. పది డాలర్ల ఈగిల్ కూడా అంతే. రెండున్నర డాలర్లవి చిన్నగా ఉన్నాయి కదా చవక అనుకుంటారేమో, అవి ఇంకా అరుదు. 1796లో నక్షత్రాలు లేకుండా కొట్టినవి 963, 1808వి 2,710 మాత్రమే.

నేనైతే 1806 హాఫ్ ఈగిల్ చూడమంటాను. 64,093 కొట్టారు, ఈ పాత రకంలో కాస్త తరచుగా కనిపించేది ఇదే. ఇందులో 6 అంకె కొస గుండ్రటి బొడిపెలా ఉన్నది ఒకటి, మొనదేలింది ఒకటి. బొడిపె ఉన్నది తేలిగ్గా దొరుకుతుంది. ఎక్స్‌ట్రా ఫైన్ అంటారే, 40, 45 అంకెల స్థాయిలో, లోపాలు లేనిది మీ బడ్జెట్‌లో వస్తుంది. ఓపిక పడితే కొంత మిగులుతుంది కూడా. అదే ధరల్లో 1807 నుంచి 1812 దాకా జాన్ రైక్ చెక్కిన, ముఖం ఎడమవైపు తిరిగిన రకం కూడా ఉంది. చాలామందికి అదే అందంగా ఉంటుంది. నాకు మాత్రం 1806 మీద పక్షపాతం, ముఖ్యంగా మీ విషయంలో. మీరు చూసొచ్చిన గని ప్రాంతం నుంచి బంగారం ఫిలడెల్ఫియా టంకశాలకు చేరడం 1804లో మొదలైంది. అంతకుముందు విదేశీ నాణేలు, బ్యాంకులు తెచ్చిన బంగారమే కరిగించేవాళ్లు. కాబట్టి 1806 నాణెంలో మీ ఊరి వాగు బంగారం ఎంతో కొంత కలిసే ఉండొచ్చు. ఏ నాణెంలో ఉందో ఎవరూ చెప్పలేరనుకోండి.

ఇంత డబ్బు ఒకేసారి పెట్టడానికి చెయ్యి రాకపోతే 1834 తర్వాతి తేలిక బరువు రకంతో మొదలుపెట్టండి. అవి లక్షల్లో కొట్టారు, చాలా తక్కువకే వస్తాయి. వాటి మీద పాత లాటిన్ నినాదం తీసేశారు, పాతవాటి నుంచి వేరుగా గుర్తుపట్టడానికి. లేదంటే మీ షార్లెట్‌లోనే 1838 నుంచి 1861 దాకా నడిచిన టంకశాల నాణేలున్నాయి, 'సి' అనే చిన్న అక్షరంతో. అవి ఈ తొలితరంలోకి రావు గానీ, సొంత ఊరి నాణెం ఉండటంలో ఒక సరదా ఉంది.

కొనేటప్పుడు సీల్ చేసిన డబ్బా మీది నంబరును ఆ సంస్థ సైట్‌లో కొట్టి చూడండి. నంబరు కలిస్తే సరిపోదు, అక్కడి ఫొటోలో ఉన్న నాణెం, మీ ముందున్న నాణెం ఒకటేనా అని గీత గీతకూ పోల్చండి. డబ్బాలకు కూడా నకిలీలు వచ్చేశాయి. వేలంలో పాడుకుంటే మీరు పాడిన దాని మీద సుమారు 20 శాతం కమిషన్ పడుతుంది. 10 వేలకు పాడితే 12 వేలు కట్టాలి, మీ బడ్జెట్ అక్కడితో సరి. అమ్మేటప్పుడు లాభం వస్తే, ఏడాది పైన ఉంచుకున్నా సరే, అమెరికాలో దీన్ని సేకరణ వస్తువుగా చూసి 28 శాతం దాకా పన్ను వేస్తారు, షేర్ల లెక్క కాదు. ఇంటి ఇన్సూరెన్స్‌లో నాణేలకు సాధారణంగా కొద్ది వందల డాలర్లకు మించి ఇవ్వరు, విడిగా పాలసీ రాయించుకోండి. బ్యాంక్ లాకర్‌లో పెడితే డిపాజిట్లకుండే గ్యారంటీ దానికి ఉండదు. ఇవన్నీ కలుపుకుంటే కొన్న నాలుగైదేళ్లలోనే అమ్మి బాగుపడదామనుకునేవాళ్ల వస్తువు కాదిది.

1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం జనం దగ్గరున్న బంగారం తీసేసుకుంది కదా, ఇది ఉంచుకోవడం నేరమా అని కొందరు అడుగుతుంటారు. అరుదైన నాణేలకు ఆ ఆదేశంలోనే మినహాయింపు ఇచ్చారు. ఇబ్బంది లేదు.

ఇండియాకు తీసుకెళ్లే సంగతి మాత్రం ఆలోచించండి. బంగారు నాణేలు కస్టమ్స్ దగ్గర చెప్పి సుంకం కట్టాలి. నగలకు ఇచ్చే మినహాయింపు నాణేలకు రాదు. అది ఒక ఎత్తు. వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తు చట్టం నిర్వచనంలోకి వస్తుంది, అలాంటివి దేశం దాటించనివ్వరు. అంటే తీసుకెళ్లాక అమెరికాలో అమ్ముదామని మళ్లీ బయటికి తేవడం పెద్ద తలనొప్పి. మన దగ్గర దీన్ని దీని ధరకు కొనేవాళ్లు దొరకరు. గుంటూరు బంగారం షాపులో చూపిస్తే తూచి, తరుగు తీసి కాసు ధర చేతిలో పెడతారు. తిరిగి వెళ్లిపోయే ఆలోచన గట్టిగా ఉంటే, వెళ్లేముందు ఇక్కడే అమ్మేయండి. ఆ రోజు దగ్గర్లోనే ఉందనుకుంటే అసలు కొనకండి.

గాజుల విషయానికొస్తే మీవారితో వాదన పెట్టుకోవద్దు. గాజులు చేతికి వేసుకుంటారు, అవసరమైతే మర్నాడే అమ్ముకోవచ్చు. నాణేనికి ఆ రెండూ లేవు. ఆ డబ్బు పిల్లల చదువుదో, ఇంటి డౌన్ పేమెంట్‌దో అయితే నేనూ గాజుల వైపే. సరదా కోసం మీరు పక్కన పెట్టుకున్నదే అయితే, ఆయన కొత్త ఫోన్లకు, టీవీలకు పెట్టినదానికి లెక్క అడిగారా అని నవ్వుతూ ఒకమాట అనండి.

ఆ 1795 నాణెం పరీక్షకు వెళ్తే ఫలితం ఏదైనా నాకు రాయండి. అప్పటిదాకా దాన్ని కుంకుడురసంలో ముంచొద్దని ఆ స్నేహితుడి భార్యకు కూడా చెప్పి ఉంచండి.